అంబాసిడర్ మార్క్ 2: పొద్దున స్టార్ట్ కాదు, ఎండలో ఆగిపోతుంది, లోపం ఏసీ పెట్రోలు పంపుదేనా?

పద్మారావునగర్ అంబాసిడర్:
సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు వాడిన 1971 నాటి అంబాసిడర్ మార్క్ 2 ఇప్పుడు నా సంరక్షణలో ఉంది. ఇంజను అసలుదే, 1489 సి.సి.; కార్బొరేటర్ సోలెక్స్. వారమంతా షెడ్డులో ఉంచి, ఆదివారం పూట మలక్‌పేటలోని మా అక్కగారింటికి దానిలోనే వెళ్తాను. రెండు నెలలుగా అది నన్ను రెండు విధాలుగా ఇబ్బంది పెడుతోంది. మొదటిది, వారం తర్వాత సెల్ఫ్ కొడితే ఇంజను బరువుగా, మూలుగుతున్నట్టు తిరుగుతుంది. మూడు నాలుగు విడతలుగా, మొత్తం మీద నిమిషం దాకా తిప్పితే తప్ప అందుకోదు. రెండవది, ముషీరాబాద్, నారాయణగూడ దాటి కోఠి రద్దీలో పడ్డాక, చాదర్‌ఘాట్ వంతెన దగ్గరికి వచ్చేసరికి ఇంజను కుదుపులు పెట్టి ఆగిపోతుంది. అరగంట నీడలో ఉంచితే మళ్ళీ నడుస్తుంది.

మెకానిక్ సలహాతో కొత్త బ్యాటరీ, కొత్త ప్లగ్గులు వేయించాను. తర్వాత, లోపమంతా ఏసీ పంపుదేనని (ఏసీ కంపెనీ పేరు; ట్యాంకు నుంచి కార్బొరేటర్‌కు పెట్రోలు తోడే పంపు) చెప్పగా రాణిగంజ్‌లో కొత్త పంపు కొని బిగించాము. ఏ మార్పూ రాలేదు. పైగా ఇప్పుడు ఇంజను ఆపి వెంటనే స్టార్ట్ చేయబోతే పెట్రోలు వాసన కొడుతోంది. పాత పంపును పారేయకుండా దాచాను. ఇంకో వస్తువు కొనేముందు అనుభవజ్ఞులైన మీ మాట వినాలనుకుంటున్నాను.

పాత డిపో మేస్త్రి:
బాబూ, పాత పంపును దాచి మంచి పని చేశావు. దాని అవసరం రావచ్చు.

నువ్వు రాసినవి రెండు కావు, మూడు సమస్యలు. ఇంజను బరువుగా తిరగడం ఒకటి, తిరిగినా అందుకోకపోవడం ఇంకొకటి, వేడిలో ఆగిపోవడం మరొకటి. మొదటిది కరెంటుకు సంబంధించినది. దానికీ పెట్రోలుకూ పొత్తు లేదు. ముందు దాన్ని తేల్చకపోతే మిగతా పరీక్షలన్నీ తప్పుదారి పట్టిస్తాయి, ఎందుకంటే సెల్ఫ్ మోటారు కరెంటంతా తాగేస్తే కాయిల్‌కు వోల్టేజి చాలక ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ బలహీనపడుతుంది.

ఒక మల్టీమీటర్ తెచ్చుకో. కాయిల్‌కు వచ్చే సన్నవైరు తీసేసి, ఇంజను అందుకోకుండా చేసి, పక్కన ఒకరిని కూర్చోబెట్టి సెల్ఫ్ కొట్టించు. కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు దాని రెండు పోల్‌ల మధ్య 9.6 కంటే దిగకూడదు. తర్వాత అసలైన పరీక్ష చెయ్యి. మీటరు ఒక ముల్లును బ్యాటరీకి బాడీ వైపు ఉన్న పోల్ మీద (క్లాంపు మీద కాదు, సీసపు పోల్ మీదే), రెండో ముల్లును ఇంజను బ్లాకు మీద శుభ్రమైన చోట ఆనించి సెల్ఫ్ కొట్టించు. అక్కడ అర వోల్టు కంటే ఎక్కువ చూపించకూడదు, 0.2 లోపు ఉంటే మరీ మంచిది. ఇదే పద్ధతిలో రెండో పోల్ నుంచి సెల్ఫ్ మోటారు మీది బోల్టు దాకా కూడా చూడు.

ఇంకో మాట అడుగుతాను, గుర్తు తెచ్చుకుని చెప్పు. ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టినప్పుడు చోక్ నాబ్ గాని, దాని తీగ గాని వేడెక్కుతోందా?

సైనిక్‌పురి 1489:
మేస్త్రిగారి క్రమం సరైనదే. అయితే వేడిలో ఆగిపోవడాన్ని చూడగానే పెట్రోలు సమస్యగా భావించవద్దని నా మనవి. నా బండి మూడేళ్ళ క్రితం అచ్చంగా ఇలాగే ఆగేది. చివరికి ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని కండెన్సర్ వేడెక్కినప్పుడు మాత్రమే పాడవుతోందని తేలింది. చల్లారాక పరీక్షిస్తే అది బాగానే ఉన్నట్టు కనిపించేది, అందువల్ల నేను అనవసరంగా కార్బొరేటర్‌ను రెండుసార్లు విప్పాను.

ఆగే తీరును బట్టి తేడా చాలావరకు తెలుస్తుంది. స్విచ్చి ఆపినట్టు ఒక్కసారిగా ఆగితే కాయిల్, కండెన్సర్, సి.బి. (కాంటాక్ట్ బ్రేకర్) పాయింట్ల వైపు చూడాలి. బలం తగ్గి, కుదుపులు పెట్టి, యాక్సిలరేటర్ వదిలితే కాస్త కోలుకుని మళ్ళీ చచ్చుబడితే పెట్రోలు అందడం లేదని అర్థం. ఈసారి ఆగిన చోటే రెండు పనులు చేయండి. ఎయిర్ క్లీనర్ తీసి కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ థ్రాటిల్‌ను చేత్తో లాగండి. లోపల సన్నని పెట్రోలు ధార పడాలి. పడితే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు ఉన్నట్టు. ఆ గొంతును మూసేశాక, ఒక ప్లగ్గును విప్పి దాని వైరుకే తగిలించి, విప్పిన రంధ్రానికి దూరంగా ఇంజనుకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. చిటపటమనే నీలి నిప్పురవ్వ రావాలి. పాయింట్ల ఖాళీ 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య ఉందో లేదో ఇంటి దగ్గరే ముందుగా చూసుకోండి.

పద్మారావునగర్ అంబాసిడర్:
మేస్త్రిగారూ, మీరు చోక్ నాబ్ గురించి అడిగినప్పుడు నేను నిజంగా ఆశ్చర్యపోయాను. నెల క్రితం అది చేతికి వెచ్చగా తగిలింది. ఎండ వల్ల అనుకుని వదిలేశాను.

కొలతలు ఇవి. నిలకడగా 12.6, సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ మీద 10.7. అయినా ఇంజను బరువుగానే తిరిగింది. సెల్ఫ్ బోల్టు వైపు తేడా 0.3 మాత్రమే. బాడీ వైపు పోల్ నుంచి ఇంజను బ్లాకు దాకా మాత్రం 2.1 వోల్టులు చూపించింది.

పాత డిపో మేస్త్రి:
దొంగ దొరికాడు. అంబాసిడర్ ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది గనుక బాడీకీ దానికీ మధ్య కరెంటు నడవడానికి అల్లిక పట్టీ (ఎర్త్ పట్టీ) ఒకటే సరైన దారి. ఆ పట్టీ పట్టు వదిలితే సెల్ఫ్‌కు కావలసిన కరెంటు చోక్ తీగ, యాక్సిలరేటర్ తీగ వంటి దొడ్డిదారులు వెతుక్కుంటుంది. నాబ్ అందుకే వేడెక్కింది. బ్యాటరీ మీద వోల్టేజి పెద్దగా పడిపోకపోవడం కూడా అదే చెబుతోంది: కరెంటు పారడానికి దారే లేకపోతే బ్యాటరీకి భారమెక్కడిది? క్లచ్ పనికి గాని, పెయింటుకు గాని ఈమధ్య గేర్‌బాక్స్ దింపారా? ఎర్త్ పట్టీ రెండు కొసలూ విప్పి, కింద ఉన్న రంగు, తుప్పు మెరిసే లోహం కనిపించేదాకా రుద్ది, బిగించి, పైన కాస్త వేజలీన్ పూయి.

పద్మారావునగర్ అంబాసిడర్:
మీరన్నది అక్షరాలా నిజం. గత ఏడాది క్లచ్ ప్లేటు మార్చారు. పట్టీని కొత్త రంగు మీదనే బిగించేశారు. రుద్ది బిగించాక తేడా 2.1 నుంచి 0.15కు దిగింది, ఇంజను చురుగ్గా తిరుగుతోంది. మా నాన్నగారి కాలంలో విన్న శబ్దం మళ్ళీ వినిపించింది.

కాని వారం నిలిపాక ఇప్పటికీ నలభై సెకన్లు తిప్పవలసి వస్తోంది. నిన్న చాదర్‌ఘాట్ దగ్గర మళ్ళీ ఆగింది. కుదుపులతోనే ఆగింది; థ్రాటిల్ లాగితే గొంతులో ఒక్క చుక్క పడలేదు; నిప్పురవ్వ మాత్రం చక్కగా ఉంది. ట్యాంకులోకి గాలి వెళ్ళే దారి మూసుకుపోయిందేమోనని మూత తెరిచి చూశాను. గాలి పీల్చిన శబ్దం రాలేదు, తెరిచినా పరిస్థితి మారలేదు.

నాచారం పద్మిని:
మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. నా బండి ప్రీమియర్ పద్మిని. ఎండాకాలంలో ఐదారు రోజులు నిలిపితే నాకూ పొద్దున పూట ఇలాగే అవుతుంది, దారిలో మాత్రం ఆగదు. అది కూడా లోపమేనా?

సైనిక్‌పురి 1489:
కొంతవరకు సహజమేనమ్మా. కార్బొరేటర్ గిన్నెకు గాలి దారి ఉంటుంది గనుక ఏప్రిల్, మే నెలల్లో అందులోని పెట్రోలు వారంలో ఆవిరైపోతుంది. పంపు దాన్ని మళ్ళీ నింపేదాకా ఇంజను అందుకోదు. పంపు దాకా గొట్టం నిండి ఉంటే పది, పదిహేను సెకన్లు చాలు. నలభై పట్టిందంటే గొట్టంలోని పెట్రోలు కూడా వెనక్కి ట్యాంకులోకి జారిపోయిందన్నమాట.

అంబాసిడర్ యజమానులకు ఒక సౌకర్యం ఉంది. అసలు ఏసీ పంపు కింద చేత్తో కదిపే చిన్న లివర్ ఉంటుంది. స్టార్ట్ చేయకముందే దాన్ని ఇరవై ముప్ఫై సార్లు కదిపితే గిన్నె నిండుతుంది. గిన్నె నిండగానే లివర్‌లో బరువు పోయి వదులుగా కదులుతుంది. మొదటి నుంచీ లివర్ వదులుగానే ఉంటే పంపు చెడిందని చాలామంది పొరబడతారు. క్యామ్ షాఫ్ట్ మీది ఎత్తు పంపు చేతిని అప్పటికే పైకి నొక్కి ఉంచితే లివర్‌కు పని ఉండదు. హ్యాండిల్ పెట్టి ఇంజనును ఒక పూర్తి చుట్టు తిప్పితే లివర్‌కు పట్టు దొరుకుతుంది. ఇది తెలియక పారేసిన మంచి పంపులను నేను స్వయంగా చూశాను.

మలక్‌పేట ఫియట్:
నా ఉద్దేశంలో చాదర్‌ఘాట్ దగ్గర జరిగేది వేపర్ లాకే, అంటే వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై దారికి అడ్డుపడడం. పెట్రోలు అనేక ద్రవాల మిశ్రమం. అందులో తేలికైన భాగాలు 40 డిగ్రీల లోపే మరగడం మొదలుపెడతాయి. అంబాసిడర్‌లో పంపు మానిఫోల్డులు (ఇంజనులోకి పెట్రోలు గాలిని తెచ్చే, పొగను తీసుకుపోయే గొట్టాలు) ఉన్న వైపే, వాటి కింద ఉంటుంది. కోఠి రద్దీలో గాలి తగలక బానెట్ కింద వేడి పేరుకుపోతుంది. దీనికి తోడు ఇప్పటి పెట్రోలు వేరు. 2023 ఫిబ్రవరిలో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు 2025 నాటికి దాదాపు ప్రతి బంకులోనూ వచ్చేసింది. మన బండ్లు తయారైన రోజుల్లో ఎవరూ ఊహించని ఇంధనం అది. ఈసారి ఆగితే తడిగుడ్డ పంపు మీద వేసి చూడండి. ఐదు నిమిషాల్లో అందుకుంటే నా మాట నిజమే.

పాత డిపో మేస్త్రి:
ఫియట్ గారి మాటలో సత్యం ఉంది, కాని అది సగమే. వేపర్ లాక్ పొద్దున పూట, చల్లని ఇంజనులో రాదు. పొద్దున కష్టానికీ మధ్యాహ్నం కష్టానికీ ఒకే మూలం ఉండే అవకాశం ఉన్నప్పుడు ముందు దాన్నే వెతకాలి. పీల్చే వైపు ఎక్కడో గాలి చొరబడుతుంటే, నిలిచిన వారంలో పెట్రోలు వెనక్కి జారుతుంది. రద్దీలో, వేడిలో, ఆ గాలికి ఆవిరి కూడా తోడై పంపు వట్టి బుడగలనే తోడుతుంది. మీరు చెప్పిన వేడి ఈ బలహీనతను బయటపెడుతోంది తప్ప పుట్టించడం లేదని నా నమ్మకం. మే నెల ఎండలో, ప్రయాణికులతో, ఇవే బండ్లు హైదరాబాదు వీధుల్లో రోజంతా టాక్సీలుగా తిరిగాయి కదా.

తడిగుడ్డతో బండి ఇల్లు చేరుతుంది, అంతవరకు మంచిదే. అయితే ఆ గుడ్డ పీల్చే గొట్టంలోని గాలి సందును పూడ్చదు.

సైనిక్‌పురి 1489:
ఈ వాదాన్ని తేల్చడానికి సీసా పరీక్ష, డబ్బా పరీక్ష అని రెండున్నాయి. రెండూ ఆరుబయట, చల్లని ఇంజను మీద, మంట ఆర్పే సిలిండరు పక్కన పెట్టుకుని చేయాలి. బీడీ, సిగరెట్టు కాల్చేవారిని దగ్గరికి రానివ్వవద్దు. ఇది మర్యాద కోసం రాస్తున్న మాట కాదు. పెట్రోలు ఆవిరికి సెల్ఫ్ మోటారు నిప్పురవ్వ కూడా చాలు.

కాయిల్ వైరు తీసేయండి. పంపు నుంచి కార్బొరేటర్‌కు వెళ్ళే గొట్టాన్ని కార్బొరేటర్ వైపు విప్పి, గొట్టం ముక్క తగిలించి, ఇంజనుకు దూరంగా పట్టుకున్న పారదర్శకమైన గాజు సీసాలోకి, కొస పెట్రోలులో మునిగేలా పెట్టండి. సెల్ఫ్ కొట్టిస్తే తెంపు తెంపులుగా, బలంగా చిమ్మాలి. బలం లేకపోయినా, బుడగలు వచ్చినా గుర్తు పెట్టుకోండి.

తర్వాత పంపులోకి వచ్చే గొట్టం విప్పి, దానికి బదులు కొత్త గొట్టం ముక్కతో నేరుగా శుభ్రమైన పెట్రోలు డబ్బాలోంచి పీల్చనివ్వండి. అప్పుడు ధార బాగుంటే పంపు నిర్దోషి, లోపం పంపుకూ ట్యాంకుకూ మధ్య ఉంది. అప్పటికీ బాగుండకపోతే పంపు వాల్వులు గాని, పై మూత కింది కార్క్ ప్యాకింగ్ గాని, డయాఫ్రం (ఊగుతూ పెట్రోలును తోడే పొర) గాని చెడినట్టు. ఈ రెండు పరీక్షలను ముందు పాత పంపుతోనే చేసి ఉంటే బహుశా కొత్తది కొనవలసి వచ్చేది కాదు.

పద్మారావునగర్ అంబాసిడర్:
ఆదివారం పొద్దున రెండూ చేశాను. మా బావగారు సెల్ఫ్ కొట్టారు, నేను సీసా పట్టుకున్నాను.

ట్యాంకు నుంచి పీల్చినప్పుడు మొదటి పదిహేను సెకన్లు వట్టి గాలి వచ్చింది. తర్వాత పాల నురుగులా బుడగలతో కలిసిన పెట్రోలు, అది కూడా నీరసంగా. డబ్బా నుంచి పీల్చినప్పుడు మూడో విడతకే గట్టి ధార, ఒక్క బుడగ లేదు. నాకు ఆశ పుట్టి, పాత పంపును కూడా డబ్బాతో పరీక్షించాను. అది కూడా దాదాపు అంతే బాగా చిమ్మింది! అంటే నేను తీసేసిన పంపు చెడలేదు.

ఇక గొట్టాన్ని వెనక నుంచి ముందుకు చూసుకుంటూ వచ్చాను. ట్యాంకు నుంచి వచ్చే ఇనుప గొట్టం, దాని బిగింపులు బాగానే ఉన్నాయి. ఆ గొట్టానికీ పంపుకూ మధ్య జానెడు రబ్బరు గొట్టం ఉంది. బయటికి తడి లేదు, వాసన లేదు, చూడడానికి కొత్తదానిలా ఉంది. వంచి చూస్తే క్లిప్పు దగ్గర వెంట్రుకవాసి పగుళ్ళు కనిపించాయి. బ్లేడుతో నిలువుగా కోస్తే లోపలి పొర ఉబ్బి, మెత్తబడి, గోరు గుచ్చితే దిగుతోంది. వేసి మూడేళ్ళు కూడా కాలేదు. పెట్రోలు కారడం లేదు కాబట్టి బాగుందని నేనూ, మెకానిక్కూ అనుకున్నాము.

మలక్‌పేట ఫియట్:
మేస్త్రిగారికి నా నమస్కారాలు. నా అంచనా తప్పింది. పీల్చే వైపు గొట్టం లోపల ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ కాబట్టి, పగిలినా పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. ఇథనాల్ మామూలు రబ్బరును ఎలా ఉబ్బించి మెత్తబరుస్తుందో మీ బ్లేడు చూపించింది. కొత్త గొట్టం కొనేటప్పుడు మీటరుకు ధర తక్కువని చూడకండి. ఒంటి మీద ఎస్.ఎ.ఇ. జె30 ఆర్9 అని అచ్చువేసి ఉన్నదే అడగండి. దాని లోపలి పొర ఫ్లోరో రబ్బరు, ఇథనాల్‌ను తట్టుకుంటుంది. అంచు పళ్ళు రబ్బరును కోసే రకం క్లిప్పులు వద్దు. పంపు దాటిన తర్వాతి ముక్కను కూడా మార్చండి. అక్కడ పగిలితే పెట్రోలు వేడి మానిఫోల్డు మీదనే చిమ్ముతుంది.

పద్మారావునగర్ అంబాసిడర్:
రెండు ముక్కలూ మార్చాను. వారం తర్వాత పన్నెండు సెకన్లలో స్టార్ట్ అయింది. మిట్టమధ్యాహ్నం మలక్‌పేట వెళ్ళి వచ్చాను, ఎక్కడా ఆగలేదు. చాదర్‌ఘాట్ వంతెన దాటేటప్పుడు మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు.

ఒక్కటి మిగిలింది. వేడి ఇంజనును ఆపి ఐదు నిమిషాల్లో మళ్ళీ స్టార్ట్ చేస్తే ఘాటైన పెట్రోలు వాసన వస్తోంది. యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి ఉంచితే నల్లపొగతో అందుకుంటోంది. మైలేజి కూడా తగ్గింది. కొత్త పంపు వేశాకనే ఇది మొదలైందని ఇప్పుడు స్పష్టంగా గుర్తొస్తోంది.

పాత డిపో మేస్త్రి:
ఇప్పుడు పెట్రోలు తక్కువై కాదు, ఎక్కువై బాధ. కార్బొరేటర్‌లో ఫ్లోట్ తేలి నీడిల్ వాల్వును మూస్తుంది. పంపు ఒత్తిడి ఆ ఫ్లోట్ బలాన్ని మించితే వాల్వు పూర్తిగా మూసుకోక పెట్రోలు పొంగుతుంది. పంపు ఒత్తిడిని నిర్ణయించేది ఇంజను వేగం కాదు, డయాఫ్రం కింద ఉన్న స్ప్రింగ్. ఈ ఇంజనుకు చదరపు అంగుళానికి 1.5 నుంచి 2.5 పౌండ్లు చాలు. ఆకారం ఒకటే అయినా వేరే బండికి సరిపడే గట్టి స్ప్రింగుతో వచ్చిన పంపులు మార్కెట్లో కలిసిపోయి ఉంటాయి. పంపుకూ కార్బొరేటర్‌కూ మధ్య టీ జాయింటు పెట్టి గేజితో కొలిస్తే తెలిసిపోతుంది. నీడిల్ వాల్వు కింద మురికి లేదని, ఫ్లోట్‌లోకి పెట్రోలు చేరలేదని కూడా చూసుకో. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల చప్పుడు రాకూడదు.

నాచారం పద్మిని:
ఇంత శ్రమ ఎందుకు, ట్యాంకు దగ్గర కరెంటు పంపు పెట్టించుకోవచ్చు కదా అని నాకు ఒక షాపులో చెప్పారు. మీ అభిప్రాయం ఏమిటి?

సైనిక్‌పురి 1489:
వెనక నుంచి నెట్టే పంపు వేపర్ లాక్‌ను తగ్గిస్తుంది, అది నిజం. కాని తక్కువ ఒత్తిడి పంపే ఎంచుకోవాలి, లేదా రెగ్యులేటరు పెట్టాలి. వాటికి మించి, ఇంజను ఆగినా, బండి దేన్నైనా గుద్దినా పంపు దానంతట అదే ఆగే ఏర్పాటు తప్పనిసరి. పాత ఏసీ పంపు ఇంజనుతోనే ఆగిపోతుంది. ఆ భద్రతను మనం చేతులారా వదులుకోకూడదు. మీ పద్మిని దారిలో ఆగడం లేదు కదా, ఉన్నదాన్నే ఉంచుకోండి.

పద్మారావునగర్ అంబాసిడర్:
కొలిచాను. కొత్త పంపు 5 పౌండ్లు చూపించింది. గేజి తప్పేమోనని రెండోసారి కూడా చూశాను, అదే అంకె. కార్బొరేటర్‌లో ఫ్లోట్, నీడిల్ వాల్వు బాగున్నాయి.

పాత పంపుకు కొత్త డయాఫ్రం, వాల్వులు, ప్యాకింగులు ఉన్న కిట్టు పుత్లీబౌలి దగ్గర దొరికింది. డయాఫ్రం ఇథనాల్‌ను తట్టుకునే రకమేనా అని అడిగి, ప్యాకెట్టు మీద రాసి ఉన్నదాన్ని చూసే కొన్నాను. విప్పడానికి ముందు పై భాగం, కింది భాగం కలిసే చోట ఆకురాయితో గీత పెట్టాను. బిగించడంలో ఏమైనా మెళకువ ఉంటే చెప్పండి, మేస్త్రిగారూ.

పాత డిపో మేస్త్రి:
గీత పెట్టడం మొదటి మెళకువ, అది నీకు తెలిసే ఉంది. రెండోది, పై స్క్రూలన్నీ ముందు వేలితో మాత్రమే పట్టించి, పంపు చేతిని పూర్తిగా ఆ కొస దాకా నొక్కి, డయాఫ్రం పూర్తిగా కిందికి సాగిన స్థితిలో ఉంచి, అప్పుడు ఎదురెదురుగా ఉన్న స్క్రూలను జతలుగా బిగించాలి. డయాఫ్రం అలా సాగకుండా ఉండగా బిగిస్తే మొదటి వందల కిలోమీటర్లలోనే అంచు చిరుగుతుంది. మూడోది, పంపుకూ బ్లాకుకూ మధ్య పాత ప్యాకింగ్ ఎంత మందం ఉందో అంతే వెయ్యి. మందం పెరిగితే పంపు చేయి కదలిక తగ్గుతుంది.

ఇంజను ఆయిలు కర్ర తీసి చూడు. మట్టం పెరిగిందా, పెట్రోలు వాసన ఉందా? అంత ఒత్తిడితో నడిచిన పంపు పొంగించిన పెట్రోలు సిలిండరు గోడలు కడుగుతూ కిందికి దిగి ఉంటుంది. పలచబడిన ఆయిలు బేరింగులను కాపాడదు.

పద్మారావునగర్ అంబాసిడర్:
పాత పంపు బిగించాను, గేజి 2.2 చూపించింది. వేడిలో మూడుసార్లు ఆపి స్టార్ట్ చేశాను, మూడుసార్లూ యాక్సిలరేటర్ తొక్కకుండానే అందుకుంది, వాసన లేదు. పంపు ఒంటి కింద ఉన్న చిన్న రంధ్రం దగ్గర తెల్లకాగితం పెట్టి అరగంట చూశాను. డయాఫ్రం కారితే అక్కడే తెలుస్తుందని చదివాను. కాగితం పొడిగానే ఉంది.

మీరు చెప్పినట్టే ఆయిలు మట్టం గీత కంటే పైన ఉంది, వాసన కూడా ఉంది. ఈ సాయంత్రమే ఆయిలు దింపేసి, ఫిల్టరుతో సహా మార్చి, ఆ తర్వాతే బండిని గేటు దాటిస్తాను.